బోటు కార్బురేటర్‌కు ఎలక్ట్రిక్ చోక్: మూడు చలికాలాలు వాడాక

హుస్సేన్‌సాగర్ మీద జనవరి పొద్దున ఆరున్నరకు బుద్ధ విగ్రహం ఇంకా మంచులోనే ఉంటుంది. ఆ వేళకు పాత చోక్‌తో మా స్పీడ్‌బోటు నాలుగైదు సెల్ఫులకు గాని అందుకునేది కాదు. చోక్ అంటే గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌కు పైనుండే పలక, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచుతుంది. అందుకున్నాక మరో తంటా. పావుగంటైనా చోక్ పూర్తిగా తెరుచుకోదు, పొగలో పచ్చి పెట్రోల్ వాసన, వెనక నీళ్ల మీద మసి తెట్టు. నెలకోసారి ప్లగ్గులు విప్పి బ్రష్ కొట్టేవాణ్ని. డిప్‌స్టిక్ లాగి వాసన చూస్తే ఇంజిన్ ఆయిల్ కూడా పెట్రోల్ కంపే.

మాది మూడు లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, రెండు బ్యారెళ్ల కార్బురేటర్. పాత చోక్ స్ప్రింగు, ఇంజిన్ పొగ పోయే మానిఫోల్డ్ మీద గుంటలో కూర్చునేది. రెండు లోహాల పట్టీని చుట్టగా చుట్టిన స్ప్రింగు అది. వేడికి విప్పుకుంటూ సన్నటి కడ్డీతో పైనున్న చోక్ ప్లేటును తెరుస్తుంది. కారులో అయితే ఆ వేడి తొందరగానే అందుతుంది. బోటులో మానిఫోల్డ్ చుట్టూ చెరువు నీళ్లే తిరుగుతుంటాయి, అది వేడెక్కేదెప్పుడు, స్ప్రింగు కదిలేదెప్పుడు? పైగా తేమ. మాది విప్పినప్పుడు బయటి చుట్టు వేలు తగలగానే తుప్పు పొడిగా రాలింది.

ఎలక్ట్రిక్ చోక్‌లోనూ స్ప్రింగు అదే, కాకపోతే నల్లటి మూత లోపల చిన్న హీటర్ పక్కన ఉంటుంది. పన్నెండు వోల్టులు అందితే రెండు మూడు నిమిషాల్లో ప్లేటు నిలువుగా తెరుచుకుంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కార్లకు వాడే మూత ఒకటి సరిగ్గా సరిపోయేది దొరికింది. తీసుకోలేదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఎస్‌ఏఈ జె1171 అనే ప్రమాణం ప్రకారం నిప్పురవ్వ బయటికి రాకుండా బోట్లకే చేసిన మరీన్ కిట్టే తెప్పించాను. కొరియర్, కస్టమ్స్ కలిపి కిట్టుకన్నా ఎక్కువే అయింది. అయినా ఈ ఒక్క విషయంలో పొదుపు వద్దని గట్టిగా చెబుతాను.

బిగించడం పూటపని. వైరింగే నన్ను వారం తిప్పింది. కీ ఆన్ చేస్తే కరెంటొచ్చే ఊదారంగు తీగకు కలిపాను. మా బోటులో బ్లోయర్, అంటే ఇంజిన్ పెట్టెలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, కూడా కీ ఆన్‌లో ఉంటేనే తిరుగుతుంది, స్టార్ట్ చేసే ముందు దాన్ని నాలుగు నిమిషాలు నడపాల్సిందే. ఆ నాలుగు నిమిషాల్లో చోక్ వేడెక్కి పూర్తిగా తెరుచుకునేది. ఇంజిన్ మాత్రం మంచుముక్కలా ఉండేది. స్టార్ట్ కాదు. స్ప్రింగు బాగాలేదనుకుని మూత మూడుసార్లు విప్పాను.

రాణిగంజ్‌లో కార్బురేటర్లు చేసే ఒక పెద్దాయన విని వెంటనే పట్టేశారు. "కీ మీదకెళ్లి తీస్కుంటే గట్లనే అయితది బేటా. కాయిల్ కాడ అసల్కే తీస్కోకు, ప్లగ్గుల స్పార్క్ తగ్గిపోతది. ఆయిల్ ప్రెషర్ వచ్చినంకనే చోక్‌కు కరెంట్ పోవాలె." ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఒకటి వేసి దాని గుండా, ఫ్యూజు పెట్టి ఇచ్చాను. ఇంజిన్ తిరిగితేనే ఆయిల్ ప్రెషర్, అప్పుడే హీటర్‌కు కరెంటు. మర్నాడు రెండో సెల్ఫుకే అందుకుంది.

మూత మీది గీతల్లో మొదటి ఏడాది రెండు గీతలు లీన్ వైపు, అంటే చోక్ తొందరగా తెరుచుకునేలా, తిప్పి వాడాను. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ వచ్చాక చలిపొద్దున అందుకోవడం మళ్లీ కాస్త బరువైంది. ఇథనాల్ ఆవిరవడానికి ఎక్కువ వేడి అడుగుతుంది మరి. ఒక గీత వెనక్కి తెచ్చాను, అక్కడే ఉంచాను. మే నెలలో ఇంజిన్ పెట్టె వేడికి చోక్ అసలు పూర్తిగా మూసుకోదు, అప్పుడు దానితో పనీ లేదు.

దీనికో లోపం ఉంది, కొనేవాళ్లు తెలుసుకోవాలి. ఈ చోక్‌కు తెలిసేది టైము, ఇంజిన్ వేడి కాదు. డిసెంబరులో ఒక ట్రిప్ అయ్యాక ముప్పావుగంట ఆగితే ఇంజిన్ ఇంకా కాలుతుంటుంది, మూత మాత్రం చల్లబడి ప్లేటు మూసుకుంటుంది. అప్పుడు థ్రాటిల్ ఊరికే ఆడిస్తే పెట్రోల్ పొంగి ప్లగ్గులు తడుస్తాయి. గేరు పడకుండా ఆపే న్యూట్రల్ బటన్ నొక్కి, థ్రాటిల్ లీవర్ పూర్తిగా ముందుకు తోసి సెల్ఫ్ కొట్టాలి. ఆ స్థితిలో థ్రాటిల్‌ను చోక్‌తో కలిపే లింకేజీ ప్లేటును కొంచెం తెరిచి పట్టుకుంటుంది. అందుకున్న మరుక్షణం లీవర్ వెనక్కి తీయాలి. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటిరోజే నేర్పేది ఇదే.

ప్లగ్గులు ఇప్పుడు సీజన్‌కోసారి చూస్తే చాలు, కొనలు లేత గోధుమ రంగులో ఉంటున్నాయి. ఆయిల్‌లో పెట్రోల్ వాసన పోయింది. ఆదివారాలు మాత్రమే, అదీ ఎండ ఎక్కాక బోటు తీసేవాళ్లకు చేత్తో లాగే కేబుల్ చోకే నయం. రోజూ పొద్దున్నే తీసేవాళ్లయితే పెట్టించుకోండి.

రెండో వానాకాలంలో ఒకసారి ఇంజిన్ మళ్లీ నల్లపొగ వేసింది. చూస్తే మూత దగ్గరి క్లిప్పుకు పచ్చటి చిలుము పట్టి హీటర్‌కు కరెంటే అందడం లేదు. గీకి, గ్రీసు రాసి పెట్టాను. ఇప్పుడు నెలకోసారి ఇంజిన్ తిరుగుతుండగా మూత మీద చెయ్యి పెట్టి చూస్తాను, వెచ్చగా ఉందా లేదా అని.