గోవాలో మీటరు మీద రుమాలు

2024 అక్టోబర్‌లో సికింద్రాబాద్ నుంచి వాస్కో డ గామాకి నేరుగా రైలు వేశారని తెలిసిన రోజు నుంచీ మా అత్తయ్యగారికి గోవా మీద మనసు పడింది. విమానం ఎక్కనంటే ఎక్కరు ఆవిడ. వారానికి రెండు రోజులే ఈ రైలు. శుక్రవారం ఎక్కాం. కర్నూలు, గుంతకల్లు, బళ్లారి మీదుగా హాయిగా పోయింది కానీ రెండు చిక్కులు. దూధ్‌సాగర్ జలపాతం చీకట్లోనే వెనక్కి వెళ్లిపోతుంది. మడగావ్‌లో దిగేసరికి ఇంకా తెల్లవారదు.

తెల్లవారని వేళలో సామాన్లతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో స్టేషన్ బయట నిలబడిన వాడికి బేరమాడే శక్తి ఎక్కడిది? బెనౌలిమ్‌లో మేం దిగాల్సిన చోటు ఆరేడు కిలోమీటర్లు ఉంటుందేమో. ట్యాక్సీ ఆయన ₹600 అన్నాడు. లోపల డిజిటల్ మీటరు ఉంది. దాని మీద శుభ్రంగా మడత పెట్టిన నీలం రుమాలు ఉంది. "మీటరు వేయరా?" అని హిందీలో అడిగితే, నేను ఏదో చమత్కారం చేసినట్టు నవ్వాడు. హైకోర్టు గట్టిగా చెప్పాక 2021 నుంచి గోవా ట్యాక్సీలకు ఈ మీటర్లు బిగించారు. బిగించడం వరకే జరిగింది, వేయించడం మాత్రం ఎవరి తరమూ కాలేదని ఆ ఐదు రోజుల్లో నాకు అర్థమైంది.

గోవాలో ఓలా, ఉబర్ లేవు. హైదరాబాద్‌లో ఫోన్ తీసి బండి పిలవడం అలవాటైన మనకు అక్కడ మొదట చేయి విరిగినట్టు ఉంటుంది. ఉన్నది గోవామైల్స్ అనే ట్యాక్సీ యాప్. అక్కడి టూరిజం కార్పొరేషన్ అండతో 2018లో వచ్చింది. అప్పటి నుంచీ స్థానిక ట్యాక్సీ వాళ్లు సమ్మెలు చేస్తూనే ఉన్నారు. మా బావమరిది విమానంలో మోపా ఎయిర్‌పోర్టుకొచ్చి, కౌంటర్ దగ్గరే యాప్ బండి మాట్లాడుకుని, ఎంతవుతుందో ముందే తెలుసుకుని దర్జాగా దిగాడు. (ఆ ఎయిర్‌పోర్టు కట్టింది మన జీఎంఆర్ వాళ్లే. 2023 జనవరి 5న అక్కడ దిగిన మొదటి విమానం హైదరాబాద్ నుంచి వెళ్లిందే. వాడు ఈ మాట కనీసం నాలుగుసార్లు చెప్పాడు.) విమానంలో వెళ్లే వాళ్లు దక్షిణాన ఉన్న డబోలిమ్‌ ఎయిర్‌పోర్టుకా, ఉత్తరాన ఉన్న మోపాకా అన్నది టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. దక్షిణ గోవాలో రూమ్ తీసుకుని మోపాలో దిగితే, టికెట్‌లో మిగిలిందంతా ట్యాక్సీకి పోతుంది.

బెనౌలిమ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. ఇంటి వెనక కట్టిన మూడు గదుల గెస్ట్‌హౌస్, ముందు కొబ్బరి చెట్లు, పది నిమిషాలు నడిస్తే సముద్రం. గదులు శుభ్రంగా ఉన్నాయి. టిఫిన్ మాత్రం రోజూ బ్రెడ్డే, అత్తయ్యగారు రెండో రోజుకే ఊరగాయ సీసా తీశారు. తిరగడానికి స్కూటర్ అద్దెకు తీసుకున్నాను. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది అద్దెకు అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి వంద తక్కువకు ఇస్తామంటారు. తీసుకోకండి, పోలీసులు ఆపితే సమాధానం చెప్పాల్సింది మీరే.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది పైలట్లు. బైక్ ట్యాక్సీ నడిపేవాళ్లని అక్కడ అలాగే పిలుస్తారు. మన దగ్గర బైక్ ట్యాక్సీకి అనుమతి ఉందా లేదా అని ఇంకా తగువులు నడుస్తుంటే, గోవాలో అది ఏళ్ల తరబడి లైసెన్సుతో సాగుతున్న వృత్తి. నలుపు బండికి పసుపు మడ్‌గార్డ్ ఉంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. అత్తయ్యగారి మందుల కోసం నేనొక్కడినే మడగావ్ వెళ్లాల్సి వచ్చి ఒకాయన వెనక ఎక్కాను. అరవై దాటి ఉంటాయి. ఎక్కకముందే రేటు చెప్పాడు, దిగాక అంతే తీసుకున్నాడు. మందుల షాపు ముందు అడగకుండానే ఆగి ఉన్నాడు. యాప్ లేదు, రేటింగ్ లేదు, మ్యాపూ లేదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి సవారీ గోవాలో నాకు కనిపించలేదు.

తర్వాత పణజీకి మారాం. మడగావ్ నుంచి కదంబ (అక్కడి ప్రభుత్వ సంస్థ) షటిల్ బస్సు, కౌంటర్‌లో టికెట్ తీసుకుని ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగదు. ట్యాక్సీ ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. ఫాంటెన్హాస్‌లో పాతకాలపు ఇంట్లో గది, పసుపు గోడలు, చెక్క మెట్లు. ఫొటోలకు అద్భుతం, మోకాళ్లకు నరకం. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు గది ముందే అడగండి. అయినా మళ్లీ వెళితే పణజీలోనే ఉంటాను. ఓల్డ్ గోవా చర్చిలకు బస్సులో పోయి రావచ్చు, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

గొడవంతా ఉత్తర గోవా బీచ్‌లో జరిగింది. సాయంత్రం యాప్ బండిలోనే వెళ్లాం, ఇబ్బంది లేదు. తిరిగి రావడానికి బండి బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి, పార్కింగ్‌లోకి రాలేను, మెయిన్ రోడ్డు దాకా నడవండి అన్నాడు. ఈలోగా ట్యాక్సీ స్టాండ్ దగ్గర నలుగురు డ్రైవర్లు మమ్మల్ని చుట్టుముట్టారు. దించడానికి ఎవరైనా రావొచ్చట, ఎక్కించుకునే హక్కు మాత్రం ఆ స్టాండ్ వాళ్లదేనట. వాళ్ల రేటు యాప్ రేటుకి దాదాపు రెట్టింపు. పంతం పట్టి అర కిలోమీటరు నడిచాం. అత్తయ్యగారు దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మర్నాడు మంగేశీ, శాంతాదుర్గ గుళ్లకు రోజంతా ఒక ట్యాక్సీ మాట్లాడుకున్నాం. ఆ డ్రైవర్‌తో నా కోపమంతా వెళ్లగక్కాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. సీజన్ ఎనిమిది నెలలే, వానాకాలంలో బండి ఇంటి ముందే ఉంటుంది, దించి వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి, లోన్ కంతు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి అన్నాడు. స్టాండ్‌లో నంబర్ వచ్చేదాకా మూడు గంటలు కూర్చున్నవాడికి, పక్కనుంచి ఫోన్ చూసి వచ్చినవాడు సవారీ ఎత్తుకుపోతే ఎలా ఉంటుందో చూడండి అన్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని నడిపించడం న్యాయమా అంటే మాత్రం జవాబు చెప్పలేదు.

యాప్‌లు వచ్చేస్తే అన్నీ బాగుపడతాయని నేను అనను. 2024 ఏప్రిల్‌లో మన హైదరాబాద్‌లో యాప్ క్యాబ్ డ్రైవర్లు కమీషన్లు పోగా మిగలడం లేదని ఏసీ వేయబోమన్నారు, గుర్తుందా? 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రద్దీ వేళ యాప్ బేస్ రేటుకి రెండింతల దాకా తీసుకోవచ్చు. అంటే వాన పడితే ఫోన్‌లోనూ స్టాండ్ రేటే. తేడా ఒక్కటే, ఎక్కకముందు తెలుస్తుంది. గోవా ప్రభుత్వం కూడా 2025 మేలో యాప్ బండ్లకు ముసాయిదా నిబంధనలు తెచ్చింది, ట్యాక్సీ వాళ్లు మళ్లీ భగ్గుమన్నారు. నా మటుకు నాకు కొత్త నిబంధనల కంటే ముందు ఆ రుమాలు తీయిస్తే చాలు.

గురువారం పొద్దున మడగావ్‌కి ఆ గుళ్ల డ్రైవర్‌నే రమ్మన్నాం, రేటు ముందురోజే ఒప్పుకున్నాం. ఆయన మీటరు మీదా రుమాలుంది, గళ్లది. "ఊరికే చూద్దాం, వేయండి" అన్నాను. నవ్వి రుమాలు తీసి వేశాడు. స్టేషన్ దగ్గర చూస్తే మా బేరం కంటే ₹90 తక్కువ. ఆయనా చూశాడు, నేనూ చూశాను. ఒప్పుకున్న డబ్బే ఇచ్చాను.

"తొంభై రూపాయలకా బాబూ, నన్ను అంత దూరం నడిపించావు?" అన్నారు అత్తయ్యగారు రైలెక్కాక. అది వేరే సవారీ అని చెప్పబోయి ఊరుకున్నాను. దూధ్‌సాగర్ వస్తోంది, ఈసారి పగలే.