యెజ్డీ రోడ్‌కింగ్: కొని, బాగు చేయించి, ఏళ్ల తరబడి నడిపాక

పాత బండి ఒకటి కొని, మొత్తం విప్పించి, మళ్లీ కొత్తదానిలా బిగించుకోవాలన్న కోరిక మన విజయవాడ, గుంటూరు కుర్రాళ్లలో బాగా పెరిగింది. ఏ బండి తీసుకోమంటారని నన్ను చాలామంది అడుగుతుంటారు. నా దగ్గరున్నది 1980ల నాటి యెజ్డీ రోడ్‌కింగ్. కదలని స్థితిలో కొన్నాను. ఆటోనగర్‌లో బాగు చేయించాను. అప్పటి నుంచి ఎండల్లో, వానల్లో, ఆఫీసుకి, గుంటూరులో చుట్టాలింటికి దాని మీదే తిరుగుతున్నాను. నాకు ప్రాణంతో సమానమైన బండి. అయినా అందరికీ ఇదే కొనమని చెప్పను. ఎవరు ఏ బండి కొన్నా ముందు కాగితాలు, తర్వాత రేకు సామాను (ట్యాంకు, మడ్‌గార్డులు, సైలెన్సర్ల లాంటివి), అన్నిటికన్నా చివర ఇంజిన్ చూసుకోమని మాత్రం గట్టిగా చెబుతాను. చాలామంది దీన్ని తిరగేసి, ఇంజిన్ స్టార్ట్ అయితే చాలని డబ్బులిచ్చేస్తున్నారు.

రోడ్‌కింగ్ మైసూరు బండి. ఐడియల్ జావా కంపెనీ 1978లో దీన్ని మొదలుపెట్టి, 1996లో ఫ్యాక్టరీ మూతపడేదాకా తయారు చేసింది. 248.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, 16 హార్స్‌పవర్. సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డే కిక్కు రాడ్డు కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 65 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75. స్ట్రోకు పొడవు కాబట్టి తక్కువ వేగంలోనే లాగుడు ఉంటుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో మాటిమాటికీ గేరు దించే పని లేకుండా థర్డ్‌లోనే నెమ్మదిగా పోతుంటే ఆ సుఖం వేరు.

మిగతా బండ్ల సంగతికొస్తే, యమహా ఆర్‌ఎక్స్ 100 చాలా మంచి బండి. 98 సీసీకి 11 హార్స్‌పవర్, తేలికైన ఒళ్లు. కానీ 1996లో ఆగిపోయిన ఈ బండి మీద ఇప్పుడు మోజు ఎంత ఉందంటే, ధర బండిని బట్టి కాకుండా పేరును బట్టి నడుస్తోంది. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్ 135 సామాను బిగించి 100 అని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఏది అసలో తెలిసిన మనిషి వెంట లేకుండా వెళ్లొద్దు. రాజ్‌దూత్ 350 గురించి మాట్లాడటమే దండగ. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, అద్భుతమైన యంత్రమే. కానీ 1980లలో కొన్నేళ్లే తయారైంది, సామాను దొరకదు. దొరికినా ధర మన అందుబాటులో ఉండదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 వీటన్నిటికంటే నెమ్మదస్తురాలు. సామాను దొరుకుతుంది, మెకానిక్కులు దొరుకుతారు. మొదటిసారి ఈ పనిలోకి దిగేవాళ్లకి నేను ధైర్యంగా చెప్పగలిగేది అదే. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి అలవాటు చేసుకోవాలి, అంతే.

ఇక కాగితాలు. సీ బుక్కు (రిజిస్ట్రేషన్ పుస్తకం) లేని బండి ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ఉన్నా సరే, దాన్ని చదవాలి. పాత బండ్లు చాలావరకు మొదటి యజమాని పేరు మీదే ఉంటాయి, ఆయన చనిపోయి ఉంటారు. అమ్మేది కొడుకో మనవడో. అలాంటప్పుడు యజమాని పేరు మార్చే మామూలు 29, 30 ఫారాలతో పని అవదు. ముందు వారసుల పేరు మీదికి 31వ ఫారంతో మార్చుకోవాలి, మిగతా వారసుల అంగీకారం కావాలి. "మా నాన్నగారి బండేనండీ, మాకేం అభ్యంతరం లేదు" అని చెప్పే పెద్దబ్బాయికి హైదరాబాద్‌లో ఒక తమ్ముడు, తెనాలిలో ఒక చెల్లెలు ఉంటారు. వాళ్ల సంతకాలు వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

మనకు మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. నంబరు ఏపీతో మొదలైనంత మాత్రాన ఆ బండి మన రాష్ట్రానిది కాదు. ఏపీ 16 కృష్ణా, ఏపీ 7 గుంటూరు, వీటితో ఇబ్బంది లేదు. కానీ 2014కు ముందు హైదరాబాద్‌లో, రంగారెడ్డిలో రిజిస్టరైన బండ్లకూ ఏపీ నంబర్లే ఉన్నాయి. వాటి రికార్డు ఇప్పుడు తెలంగాణలో ఉంది. ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అక్కడి నుంచి తెచ్చుకోవాలి, ఇక్కడ పన్ను లెక్క మళ్లీ చూసుకోవాలి. ఇంకా పాతవి, 1989కి ముందు మూడక్షరాల నంబరుతో ఉన్న బండ్లయితే రికార్డు చేతిరాత పుస్తకంలోనే ఉండిపోయిందా, ఆన్‌లైన్‌లోకి ఎక్కిందా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన టూ వీలర్‌కి ఆ ఫీజు 2025లో 2,000 రూపాయలకి పెంచారు. చేయించకుండా వదిలేసిన ఏళ్లకి ఆలస్య రుసుము వేరే. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా కొందరు ఆశగా అడుగుతారు. అది 50 ఏళ్లు దాటిన బండ్లకి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు, పైగా రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. 1978లో మొదలైన రోడ్‌కింగ్ ఏదైనా 2028 దాకా ఆ లెక్కలోకే రాదు.

చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, పుస్తకంతో పోల్చుకోండి. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా, చుట్టూ గ్రైండింగ్ చేసిన గుర్తులున్నా వెనక్కి వచ్చేయండి.

విజయవాడలో కొనేవాళ్లు వరద సంగతి మర్చిపోకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో అందరం చూశాం. అందులో పాత బండ్లూ ఉన్నాయి. పైన పెయింటు వేసి పెడితే తెలియదు. హెడ్‌లైట్ డోము విప్పి లోపల చూడండి, ఫిల్టర్ డబ్బాలో వేలు పెట్టి చూడండి. సన్నటి ఒండ్రు మూలల్లో ఉండిపోతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులకు వేరే ఆయిల్ ఉండదు, పెట్రోల్‌లో కలిపిందే ఆధారం. నీళ్లు చేరి నిలిచిపోతే అవి తుప్పు పట్టిపోతాయి.

ఆటోనగర్ అంటే లారీలే గుర్తొస్తాయి గానీ, మన పనికి కావాల్సిన లేత్ షాపులు, బోరింగ్ షాపులు, క్రాంకు ప్రెస్ చేసేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. నా బండి చేసిన పెద్దాయన మొదటిరోజే ఒక మాట అన్నాడు: "అబ్బాయ్, ఇంజిన్ ఎంత పాడైందైనా తీసుకురా, కూర్చోబెట్టేస్తా. ట్యాంకు, సైలెన్సర్లు మాత్రం నన్ను అడగొద్దు." అక్షరాలా నిజం. బోరు అరిగితే పెద్ద సైజు పిస్టన్ వేసి బోరు కొట్టిస్తారు. కనెక్టింగ్ రాడ్ కిట్టు, బేరింగులు, ఆయిల్ సీళ్లు తెప్పించుకోవచ్చు. రేకు సామాను అలా కాదు. అసలు ట్యాంకు, సైడు డబ్బాలు, మడ్‌గార్డులు, ఆ రెండు సైలెన్సర్లు కంపెనీవి దొరకడం కష్టం. బయట తయారైన సైలెన్సర్లు చూడటానికి అలాగే ఉంటాయి. కానీ టూ స్ట్రోక్ బండిలో సైలెన్సర్ అంటే శబ్దం తగ్గించేది మాత్రమే కాదు. దాని లోపలి కొలతలను బట్టి పొగ ఒత్తిడి వెనక్కి తగిలి, కాలని పెట్రోలు బయటికి పోకుండా ఆపుతుంది. కొలత తప్పితే లాగుడు పోతుంది. అందుకే ఇంజిన్ జామైనా సామాను పూర్తిగా ఉన్న బండిని, స్టార్టయినా సగం సామాను లేని బండికంటే ఎక్కువ ధర పెట్టి కొనొచ్చంటాను. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బండ్లు వచ్చాయి కదా, వాటి సామాను పనికొస్తుందా అని అడుగుతారు. పనికిరాదు, అవి పూర్తిగా వేరే ఫోర్ స్ట్రోక్ బండ్లు.

ఇంజిన్ చూడాల్సి వస్తే కిక్కు దగ్గర మొదలుపెట్టండి. కొట్టినప్పుడు జారుతుంటే లోపల పళ్లు అరిగాయని అర్థం. అది బాగు చేయాలంటే ఇంజిన్ విప్పక తప్పదు. రెండోది క్రాంకు ఆయిల్ సీళ్లు. క్లచ్ వైపు సీలు పోతే గేరుబాక్సు ఆయిల్ క్రాంకు గదిలోకి లాగేస్తుంది, తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, ప్లగ్గు తడిసిపోతుంది. రెండోవైపు సీలు పోవడం ఇంకా ప్రమాదం. గాలి లాగేసి పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది, ఐడిలింగ్ తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. దీన్ని కార్బురేటర్ లోపం అనుకుని స్క్రూలు తిప్పేవాళ్లు చాలామంది.

నడపడం గురించి. గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్తే ఈ బండికి అంతకన్నా హాయైన దారి లేదు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఒకే వేగంలో గట్టిగా తోలను, మంగళగిరి దగ్గర ఆపి కాసేపు చల్లారనిస్తాను. లీటరు పెట్రోలుకి 30 నుంచి 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలుపుతాను. ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేరులో వదలకూడదు. పెట్రోలు ఆగితే దానితో వచ్చే ఆయిల్ కూడా ఆగుతుంది కాబట్టి క్లచ్ పట్టాలి. డ్రమ్ము బ్రేకులు ఇప్పటి బండ్ల లెక్కన చాలా బలహీనం. వారధి మీద ముందు బండికి ఎప్పుడూ ఎడం ఉంచాల్సిందే. మైలేజీ నాకు 25 నుంచి 30 మధ్య వస్తోంది.

ఈ మధ్య మారినదల్లా పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిసినది ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి, ట్యాపులో వాషర్లు ఉబ్బుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు మొదలవుతుంది. మిశ్రమం కూడా కొంచెం పలచబడుతుంది, ఎండాకాలం టూ స్ట్రోక్‌కి అది మంచిది కాదు. నేను పైపులు, వాషర్లు మార్పించి, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను. ప్లగ్గు ఇప్పుడు మళ్లీ గోధుమ రంగులో వస్తోంది, అంటే మిశ్రమం సరిగ్గా ఉందని అర్థం. బండి వారం పైన కదలదనుకుంటే ట్యాపు మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడిపించి ఆపుతాను.

పెద్ద ట్రాఫిక్‌లో రోజూ ఎక్కువ దూరం తిరిగేవాళ్లు, బండి ఆగితే విప్పి చూసే ఓపిక లేనివాళ్లు బుల్లెట్ వైపు వెళ్లండి. ఆయిల్ కలపడం, ప్లగ్గు తుడవడం, నెలకోసారి పాయింట్ల (ప్లగ్గుకి నిప్పురవ్వ వచ్చేలా చేసే స్విచ్చు) గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి సరిచేయడం ఇష్టంగా చేసుకోగలిగితే, పూర్తి కాగితాలతో, అసలు ట్యాంకుతో, రెండు అసలు సైలెన్సర్లతో ఉన్న రోడ్‌కింగ్ ఎక్కడున్నా వెళ్లి చూడండి. ఇంజిన్ పట్టేసి ఉన్నా పర్వాలేదు.