కార్-టి మేలా, టీసీఆర్-టి మేలా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగే కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. రెండు పద్ధతుల్లోనూ రోగి టి కణాలనే (రోగనిరోధక తెల్లకణాలనే) బయటికి తీసి, కొత్త జన్యువును చేర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారన్న సంగతి వారికి తెలిసినదే కనుక తేడాల దగ్గరి నుంచే మొదలుపెడతాను. కార్-టిలో టి కణానికి ఇచ్చేది లక్ష్యాన్ని పట్టుకునే కృత్రిమ గ్రాహకం (కార్), టీసీఆర్-టిలో ఇచ్చేది టి కణాల సహజ రకం గ్రాహకం (టీసీఆర్).

బి కణాల ల్యుకేమియా, లింఫోమా తిరగబెట్టిన వారి విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కరలేదు. ఆ కణాల పైపొర మీదే సీడీ19 అనే ప్రోటీన్ ఉంటుంది, కార్ దానిని నేరుగా పట్టుకుంటుంది, రోగి హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండి, మనిషి మనిషికీ మారే గుర్తింపు ప్రోటీన్లు) రకం ఏదైనా పట్టింపు లేదు. పైగా ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలోనే అనుమతి లభించింది. ఖర్చు ఇంకా లక్షల్లోనే ఉంది, అది వేరే సంగతి.

గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్లలో లెక్క మారుతుంది. అక్కడ పైపొర మీద దొరికే ప్రోటీన్లు చాలావరకు ఆరోగ్యకరమైన కణజాలంలోనూ ఉంటాయి. క్యాన్సర్‌కే ప్రత్యేకమైనవి ఎక్కువగా కణం లోపల దాగి ఉంటాయి. ఆ లోపలి ప్రోటీన్ల ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అణువులు పైకి తెచ్చి చూపిస్తాయి, టి కణ గ్రాహకం చూడగలిగేది వాటినే. కార్‌కు లక్ష్యాలు వందలు, వేల సంఖ్యలో కావాలి. టీసీఆర్‌కు కొద్దిపాటి ముక్కలు కనిపించినా చాలు. అందుకే ఈ క్యాన్సర్లలో నా మొగ్గు టీసీఆర్ వైపే. సైనోవియల్ సార్కోమాలో (మెత్తని కణజాలంలో వచ్చే అరుదైన క్యాన్సర్) మేజ్-ఏ4 అనే ప్రోటీన్‌ను గుర్తించే అఫామి-సెల్ అనే టీసీఆర్-టి చికిత్సకు 2024 ఆగస్టులో అమెరికా అనుమతి ఇచ్చింది. దానికి ఆధారమైన పరీక్షలో 44 మందిలో 43 శాతం మందికి గడ్డలు తగ్గాయి. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వంటి వాటిలో, ఆ వైరస్‌కు చెందిన ఈ7 (E7) ప్రోటీన్ మీద చేసిన తొలిదశ పరీక్షలో 12 మందికి గాను 6 మందిలో ఫలితం కనిపించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువగా ఉన్న మన వైపు ఇది చిన్న మాట కాదు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చేది హెచ్‌ఎల్‌ఏ. అఫామి-సెల్ ఏ*02:01, 02:02, 02:03, 02:06 హెచ్‌ఎల్‌ఏ రకాల వారికే పనికొస్తుంది. ఏ*02:05 ఉన్నవారికి ఇవ్వనే కూడదు. ఈ7 టీసీఆర్ కూడా ఏ*02:01 మీద ఆధారపడినదే. ఐరోపా మూలాల వారిలో ఏ*02:01 చాలామందికి ఉంటుంది. మన దేశంలో ఏ*11:01, ఏ*24:02, ఏ*33:03 విరివిగా కనిపిస్తాయి. ఏ*02 కుటుంబంలోనైతే ఏ*02:11 కూడా తరచుగా ఎదురవుతుంది. రిపోర్టులో "ఏ*02" అని మాత్రమే చూసి సంబరపడేవారు కోలన్ తర్వాతి రెండు అంకెలను కూడా అడిగి తెలుసుకోవాలి. ఎముక మజ్జ మార్పిడికి చేసే సూక్ష్మస్థాయి పరీక్ష ఆ అంకెలను చెబుతుంది.

భద్రత విషయంలో టీసీఆర్‌కు ఒక చేదు చరిత్ర ఉంది. మేజ్-ఏ3 అనే ప్రోటీన్ మీద పట్టు పెంచి తయారుచేసిన ఒక టీసీఆర్ ఇద్దరు రోగుల గుండెను దెబ్బతీసి ప్రాణాలు తీసింది. దాని లక్ష్యమైన ముక్కలో ఉన్న తొమ్మిది అమైనో ఆమ్లాల్లో ఐదు, గుండె కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్ ముక్కలోనూ అవే స్థానాల్లో ఉన్నాయి. ముందస్తు పరీక్షల్లో వాడిన కణాలు టైటిన్‌ను తయారుచేయవు కనుక ప్రమాదం పట్టుబడలేదు. కొట్టుకునే గుండె కణాలను పెంచి చూసినప్పుడే బయటపడింది. పట్టు ఎంత పెంచితే అంత మేలన్న ధోరణి ఆ తర్వాత తగ్గింది. కొత్త టీసీఆర్ గొలుసులు (గ్రాహకంలోని రెండు భాగాలు) టి కణంలోని పాత గొలుసులతో తప్పుగా జతకట్టే సమస్య కూడా ఉంది కానీ, పాత జన్యువును కత్తిరించడం వంటి ఉపాయాలతో దానిని చాలావరకు అదుపు చేయవచ్చు.

మిగిలిన వాటిలో, గడ్డలోంచే టి కణాలను తీసి పెంచే లైఫిల్యుసెల్ చికిత్స మెలనోమాకు (రంగు కణాల క్యాన్సర్‌కు) అనుమతి పొందింది. టెబెంటాఫస్ప్ (టీసీఆర్ ఆధారిత ప్రోటీన్ మందు) సిద్ధంగా దొరికే మందే అయినా, కంటి మెలనోమాకు పరిమితం, దానికీ ఏ*02:01 ఉండాల్సిందే.

మన రోగుల కోసం నేను గమనిస్తున్నది మాత్రం కేరాస్ అనే జన్యువులో మార్పుల వల్ల వచ్చే ప్రోటీన్ ముక్కలను ఏ*11:01 మీద గుర్తించే టీసీఆర్‌లను. క్లోమ క్యాన్సర్‌లో కేరాస్ మార్పు అత్యంత సాధారణం, ఏ*11:01 మనలో అరుదు కాదు. ఇవి ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి.