ఫోల్డర్లే నయమా, క్యాలిబర్ మేలా?

విజయవాడ గవర్నర్‌పేటలో మాది డీటీపీ షాపు. పోయిన నెల సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. "ఏమయ్యా, నువ్వు పెట్టిచ్చిన క్యాలిబర్ నా పుస్తకాలన్నీ కెలికేసింది. దీనికన్నా నా ఫోల్డర్లే నయం" అన్నారు. క్యాలిబర్ అంటే కంప్యూటర్లో ఈ-పుస్తకాలను సర్దిపెట్టి, ఒక రకం ఫైలు నుంచి ఇంకో రకానికి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్. ఊరికే వచ్చిందిగా, సర్దుకోండి అని పంపెయ్యడం నాకు ఇష్టం ఉండదు. ఆయన డబ్బు పెట్టకపోయినా ఎన్నో సాయంత్రాలు దాని ముందు కూర్చున్నారు. అందుకని రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి చూశాం.

మొదటి ఫిర్యాదు కెలకడం గురించే. నిజానికి క్యాలిబర్ ఆయన ఫోల్డర్లను ముట్టుకోలేదు. ప్రతి పుస్తకానికీ ఇంకో కాపీ తీసుకుని, రచయిత పేరుతో ఒక ఫోల్డరు, అందులో పుస్తకం పేరుతో మరొకటి చేసి తన దగ్గర పెట్టుకుంటుంది. వివరాలన్నీ ఒక డేటాబేస్ ఫైల్లో రాసుకుంటుంది. మనం లోపలికెళ్లి చేత్తో ఫైళ్లు జరిపితే ఆ లెక్క తప్పుతుంది. లైబ్రరీలో కార్డు చూసి పుస్తకం అడుగుతాం గానీ బీరువాలు మనమే సర్దం కదా, ఇదీ అంతే. జాగా రెండింతలు పడుతుందన్న మాట మాత్రం న్యాయమైనదే. పుస్తకాలన్నీ సరిగా చేరాయని చూసుకుని, వేరే డిస్కులో ఒక కాపీ ఉంచుకుని, పాతవి తీసెయ్యొచ్చు.

రెండోది ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఒక పీడీఎఫ్‌ను ఈపబ్‌గా, అంటే ఈ-రీడర్లలో చదివే పుస్తకం ఫైలుగా, క్యాలిబర్‌తో మార్చి తెరిచారు. మొదటి పేజీలో ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, గీతలు కలగాపులగంగా ఉన్నాయి. చూడగానే నాకు అర్థమైంది, అది అను ఫాంట్లలో కొట్టిన పుస్తకం. ఏళ్ల తరబడి మా ఊళ్లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ మీద పుస్తకాలు అలాగే కంపోజ్ అయ్యాయి, నేనూ చేశాను. ఆ ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడ్, దానికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా ఉంటుంది కాబట్టి ముత్యాల్లా కనిపిస్తుంది. ఈపబ్‌గా మార్చేసరికి ఫాంటు పోయి కోడ్ మిగులుతుంది. ఫోల్డర్లో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి బయటపడలేదంటే, ఫోల్డరును మనం మార్చమని అడగలేదు కాబట్టే. అసలు పీడీఎఫ్ మార్చడానికి అనువైనది కాదని క్యాలిబర్ వాళ్ల మాన్యువల్లోనే ఉంది. స్కాన్ చేసిన పుస్తకమైతే అది ఉత్త బొమ్మ. అక్షరాలు రావాలంటే టెసరాక్ట్ లాంటి ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో, చదివించి, ఒత్తులూ దీర్ఘాలూ కూర్చుని దిద్దుకోవాలి. అంత ఓపిక లేకపోతే పీడీఎఫ్‌ను పీడీఎఫ్‌గానే క్యాలిబర్లో ఉంచి టాబ్‌లో చదవడం మేలు.

మూడో ఫిర్యాదు పూర్తిగా మన తెలుగువాళ్లది. రచయితల వరస తలకిందులుగా ఉంది. రచయిత పేరులో చివరి మాటను క్యాలిబర్ ఇంటిపేరు అనుకుని దాన్ని ముందుకు తెస్తుంది. మనకేమో ఇంటిపేరు మొదటే ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్ తెరిచి, రచయిత పేరు సర్దే పద్ధతిని 'ఇన్వర్ట్' నుంచి 'కాపీ'కి మార్చి, పాత పేర్లను మళ్లీ లెక్కించమంటే దారికొస్తుంది. ఇది ఎవరో చెప్తే తప్ప తెలియదు, అందుకు మాస్టారి కోపం సబబే.

ఇంకా చిన్న ఫిర్యాదులు రెండున్నాయి. క్యాలిబర్ అప్‌డేట్ చేయమని మాటిమాటికీ అడగడం సెట్టింగ్స్‌లో ఆపెయ్యొచ్చు. కాపీ చెయ్యకుండా డిజిటల్ తాళం (డీఆర్ఎం) వేసి అమ్మిన పుస్తకాలను అది మార్చదు, ఆ తాళం వేసింది అమ్మినవాళ్లు.

కోవిద్ గోయల్ అనే ప్రోగ్రామర్ క్యాలిబర్‌ను 2006లో మొదలుపెట్టింది కూడా ఇలాంటి ఇబ్బంది వల్లే. తను కొన్న సోనీ రీడర్ అనే ఈ-రీడర్ లినక్స్ కంప్యూటర్‌తో పనిచెయ్యలేదు. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి పుస్తకాల లోపలి మాటలనూ వెతుకుతుంది. యూనికోడ్‌లో, అంటే అసలు తెలుగు అక్షరాల కోడ్‌లోనే, ఉన్న పుస్తకాలకు ఇది వరమే. అను ఫాంటువీ స్కాన్‌వీ మాత్రం దానికి దొరకవు.

ఇక ఏది మేలు? యాభై, అరవై పీడీఎఫ్‌లు ఉండి, ఫోన్లోనే చదువుకునేవాళ్లకు ఫోల్డర్లు చాలు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటాయి. క్యాలిబర్ లైబ్రరీని అలా డ్రైవ్‌లో పెట్టి రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరిస్తే పాడయ్యే ప్రమాదం ఉంది. మాస్టారివి ఆరువందల పైచిలుకు. ఒకే రచయిత మూడు స్పెల్లింగుల్లో మూడు ఫోల్డర్లలో ఉన్నాడు. పైగా వాళ్లబ్బాయి ఈ-రీడర్ కొనిచ్చాడు. ఆయనకు క్యాలిబరే మేలని నేను గట్టిగానే చెప్పాను.

ఒప్పుకున్నారు గానీ, లేవబోతూ ఆగారు. ఈపబ్‌గా మారిస్తే పాడైన ఆ పీడీఎఫ్ ఆయన రాసిన శతకమే. కంపోజింగ్ చేసింది మా షాపులోనే. పాత మెషీన్లో పేజ్‌మేకర్ ఫైలు దొరికింది. పద్యాలను యూనికోడ్‌లోకి మారుస్తున్నాను, ముప్పై రెండో పద్యం దాకా వచ్చాను. ఆదివారం మాస్టారు వచ్చి ప్రూఫు చూస్తారు.