ఆరో తరగతి ఎంట్రన్స్ గైడు (తెలుగు మీడియం), రెండేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఈ గైడుని మొదట్లో నేనే మా వీధిలో నలుగురి చేత కొనిపించాను. పబ్లిషర్ పేరు రాయను, ఎందుకో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, ఒడియా రెండూ, మా బాబు చదివేది మాత్రం ఒడియా మీడియం ప్రైవేటు స్కూలు. తెలుగు చదవడం వాళ్ల మామ్మ పలక మీద నేర్పింది. నాలుగో క్లాసులో ఉండగా సైనిక్ స్కూల్ పరీక్ష రాయిద్దాం, అదే చదువుతో ప్రైవేటు రెసిడెన్షియల్ వాళ్ల ఎంట్రన్స్ కూడా రాసేస్తాడు కదా అని శ్రీకాకుళం వెళ్లినప్పుడు ఈ పుస్తకం తెచ్చాను.

రీజనింగ్ పార్ట్ గురించి అప్పుడు ఏం పొగిడానో ఇప్పుడూ అదే. బొమ్మలు, అద్దంలో ప్రతిబింబాలు, మడతపెట్టి కత్తిరించిన కాగితాలు, వీటికి భాషతో పని లేదు కాబట్టి వాడు అన్నం తింటూ కూడా చేసేవాడు. ప్రశ్నల వాక్యాలు మాత్రం పాత గ్రాంథికం. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం కొట్లాడింది ఈ ఊళ్లో ఉండే, అదే ఊళ్లో కూర్చుని మా వాడు "క్రింది వానిలో భిన్నమైన దానిని గుర్తింపుము" అని కూడబలుక్కుంటుంటే మా నాన్న ఒకటే నవ్వు.

అసలు గొడవ లెక్కల్లో వచ్చింది. సైనిక్ స్కూల్ పరీక్షలో 300 మార్కులకి లెక్కలే 150, ఒక్కో ప్రశ్నకి మూడేసి. మాక్ టెస్టులు పెడుతుంటే వాడికి ఒకే చాప్టర్ ప్రతిసారీ పోతోంది. 36, 48 ల క.సా.గు. (రెండింటితోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య, ఇంగ్లీషులో ఎల్.సి.ఎం.) ఎంత అంటే 12 పెడతాడు. 144 కదరా అంటే బిక్కమొహం. పైగా ఆప్షన్లలో 12 కూడా ఉంటుంది మరి, పేపర్ చేసేవాళ్లు అలాగే పెడతారు. విచిత్రమేంటంటే అదే లెక్క మాటల్లో ఇస్తే, ఒక గంట 36 నిమిషాలకి, ఇంకోటి 48 నిమిషాలకి మోగుతుంది, రెండూ కలిసి మోగాక మళ్లీ ఎన్ని నిమిషాలకి కలిసి మోగుతాయి అంటే, టక్కున చెప్పేస్తాడు. అంటే లెక్క వచ్చు. నేనేమో అజాగ్రత్త అనుకుని రోజుకి ముప్పై లెక్కలు ఇచ్చి, ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను, అది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండు వారాల తర్వాత వాడే స్కూల్ నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. "నాన్నా, స్కూల్లో గ.సా.గు. అంటే పెద్దది. నీ పుస్తకంలో అదే చిన్నది అయిపోతోంది" అన్నాడు. చూస్తే ఒడియాలో మన గ.సా.భా.ని (రెండింటినీ భాగించే అతి పెద్ద సంఖ్య, ఇంగ్లీషులో హెచ్.సి.ఎఫ్.) గ.సా.గు. అంటారు, మన క.సా.గు.ని ల.సా.గు. అంటారు. తెలుగు మెల్లగా చదివే పిల్లాడికి క.సా.గు. కనబడగానే వెనక సా.గు. చూసి గ.సా.గు. అయిపోతోంది, శుభ్రంగా హెచ్.సి.ఎఫ్. చేసి తప్పు పెడుతున్నాడు. గ.సా.భా. అంటే ఇంకేదో కొత్త జంతువు వాడికి. వెతికితే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మన సరాసరి వాళ్లకి హారాహారి, మన వడ్డీ వాళ్లకి సుధ. ఒడియాలో భిన్న అంటే వేరే అని, భిన్నానికి భగ్నాంశ అంటారు, ఇక "భిన్నాలు" చాప్టర్ చూసి వాడు ఏమనుకున్నాడో మీరే ఊహించుకోండి. బారువడ్డీ ఒక్కటే సులువుగా వచ్చింది, అది మా నాన్న ప్రోనోట్ల కాలం నాటి కథలు చెప్పి నేర్పారు, ఆ చాప్టర్‌లో ఒక్కటీ తప్పు పోలేదు.

400 పైచిలుకు పేజీల పుస్తకంలో వెనకాల ఒక్క పేజీ, తెలుగు మాట పక్కన ఇంగ్లీషు మాట, వేస్తే ఏం పోయేది? నా కోపమంతా ఆ ఒక్క పేజీ మీదే. చివరికి నేనే చార్టు మీద మూడు భాషల్లో రాసి గోడకి అంటించాను. అది పెట్టాక తప్పులు తగ్గాయి కానీ పరీక్షకి అప్పటికి నెల కూడా లేదు.

న్యాయంగా చెప్పాలంటే సగం తప్పు నాది. ఆరో తరగతికి ఆ పరీక్ష ఒడియాలో కూడా రాయొచ్చు, మొత్తం 13 భాషలున్నాయి. మనం తెలుగువాళ్లం కదా అని అప్లికేషన్‌లో తెలుగు టిక్ పెట్టింది నేనే, వాణ్ణి ఒక్క మాట అడగలేదు.

విశాఖలో రాశాడు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా. బయటికొచ్చి "క.సా.గు. కరెక్టే పెట్టాను" అన్నాడు మొదట. లిస్టులో పేరు రాలేదు. దానికి పుస్తకాన్నే తిట్టలేను, మా అడ్రసు ఒడిశాది కాబట్టి ఆంధ్రాలోని కోరుకొండ సైనిక్ స్కూల్‌కి వెళ్దామంటే బయటి రాష్ట్రాల 33 శాతంలోనే పోటీ పడాలి, లోకల్ కోటా కావాలంటే మాకు భువనేశ్వర్, సంబల్‌పూర్ సైనిక్ స్కూళ్లు. ప్రైవేటు రెసిడెన్షియల్ ఎంట్రన్స్ మాత్రం పాసయ్యాడు, అక్కడ పేపర్ ఇంగ్లీషులో, ఎల్.సి.ఎం. అని సాఫీగా ఉంది. ఫీజు విన్నాక ఇంటికొచ్చేశాం.

కాబట్టి కొనాలా అంటే, శ్రీకాకుళం, పాతపట్నం వైపు తెలుగు మీడియంలో చదివే పిల్లలకైతే బాగానే ఉంటుందేమో, నాకు తెలిసిన ఒకరిద్దరికి ఏ ఇబ్బందీ రాలేదు. మాలాగా ఇటువైపు ఉన్నవాళ్లు ముందు పిల్లల స్కూల్ నోట్‌బుక్, ఈ పుస్తకం పక్కపక్కన పెట్టి చూసుకోండి. వచ్చే ఏడు మా పాప రాస్తుంది, 2021 నుంచి ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు కదా. తనకి ఒడియా పెడతాను. ఈ గైడులో రీజనింగ్ పేజీలు చింపి విడిగా కుట్టించాను, మిగతాది అటక మీద ఉంది, గోడ మీద చార్టు మాత్రం తియ్యలేదు.