స్టీరింగ్ వణుకు: డ్యాంపర్ మార్చాలా, ట్రాక్ బార్ చూడాలా?

చక్రం గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా ఊగిపోయి, బండి బాగా నెమ్మదించాక గానీ ఆగకపోతే, చాలామంది ముందు కొనేది కొత్త స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్ ఊపును తగ్గించే షాక్ అబ్జార్బర్ లాంటి గొట్టం. రెండు చివరలు విప్పి బిగిస్తే పని అయిపోతుంది, వణుకూ తగ్గుతుంది. అందుకే నమ్మేస్తాం. కానీ డ్యాంపర్ ఊపును మింగుతుందే తప్ప లూజును బిగించదు. కొన్నాళ్లకు అదీ అరిగి, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆయిల్ కారుతుంటే మార్చండి, అంతే.

ముందు ఇరుసు ఒకే దూలంలా ఉండే బండ్లలో నా ఓటు ట్రాక్ బార్‌కే. ఇరుసు పక్కకు జరగకుండా ఛాసిస్‌కి పట్టి ఉంచేది అదే. పరీక్షకు పైసా ఖర్చు లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఇంకొకరు బార్ రెండు చివరలూ గమనించాలి. బోల్టు టక్ టక్ మని కదిలితే దొంగ దొరికినట్టే. బార్‌ని బిగించే బ్రాకెట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటే మాత్రం కొత్త బుష్ (బార్ చివర ఉండే రబ్బరు తొడుగు) వేసినా దండగ, బ్రాకెట్‌నే బాగుచేయించాలి. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా). జాకీ మీద బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.

బార్ గట్టిగానే ఉందా? చక్రాన్ని ఇరుసుకు కలిపే బాల్ జాయింట్లు, స్టీరింగ్‌కి కలిపే టై రాడ్ ఎండ్‌లు చూడండి. బండి ఎత్తు పెంచి ఉంటే క్యాస్టర్ కోణం (చక్రం అటూ ఇటూ తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలిన కోణం) కూడా. గుంతలు లేకుండానే ఒక వేగం దగ్గర సన్నగా అదిరితే, ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి.