ఒక్క రోజే ఉంటే స్టెలెన్‌బాషా, ఫ్రాన్స్‌హూకా?

కేప్‌టౌన్ వెళ్లినవాళ్లకు ద్రాక్షతోటల ఊళ్లు చూడటానికి సాధారణంగా ఒక్క రోజే చిక్కుతుంది. స్టెలెన్‌బాష్ సుమారు 50 కిలోమీటర్లు, ఫ్రాన్స్‌హూక్ సుమారు 75.

కంటికి ఇంపు కావాలంటే ఫ్రాన్స్‌హూకే. చుట్టూ కొండలు, మధ్యలో ఒకే పెద్ద వీధి. 2012లో మొదలైన వైన్ ట్రామ్ ఎక్కి ఒక తోట దగ్గర దిగి, వైన్ రుచి చూసి, తర్వాతి బండిలో ఇంకో తోటకు పోవచ్చు. తాగి కారు నడిపే బెడద లేదు. భోజనాలు మాత్రం జేబుకు బరువే!

ఫ్రాన్స్‌హూక్ అన్న పేరుకు అర్థం ‘ఫ్రెంచి మూల’. అంతకుముందు అది ‘ఏనుగుల మూల’. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛను రద్దు చేస్తే పారిపోయిన హ్యూగనాట్లకు, అంటే ఆ ఫ్రెంచి ప్రొటెస్టెంట్లకు, 1688 నుంచి డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ భూములిచ్చింది. కొన్ని తరాల్లోనే వాళ్ల ఫ్రెంచి మాసిపోయి, లా మోట్, లా బ్రీ వంటి తోటల పేర్లలో మిగిలింది. ఊరి చివర వాళ్ల స్మారకంలో ఒక స్త్రీ విగ్రహం: ఒక చేతిలో బైబిలు, రెండో చేతిలో తెగిన గొలుసు. ఆ గొలుసు నన్ను కుదురుగా ఉండనివ్వదు. కేప్ తోటల్లో చెమటోడ్చిన బానిసల గొలుసు 1838 దాకా తెగలేదు మరి. వాళ్లలో మన కోరమండల్ తీరం నుంచి డచ్చి ఓడల్లో తరలించినవాళ్లూ ఉన్నారు.

స్టెలెన్‌బాష్ 1679 నాటిది. డోర్ప్ వీధిలో ఓక్ చెట్ల నీడన నడక, ఒక విశ్వవిద్యాలయం, కుర్రకారు సందడి. పినోటాజ్ ద్రాక్షను 1925లో పీనో న్వార్, సాన్సో రకాలను సంకరం చేసి సృష్టించిన ఆచార్య పెరోల్డ్ ఇక్కడివారే. నాకు అన్నిటికన్నా నచ్చేది విలేజ్ మ్యూజియం. 1709 నాటి పొట్టి గడ్డికప్పు ఇంట్లో మొదలుపెట్టి, నాలుగు ఇళ్లు దాటేసరికి పందొమ్మిదో శతాబ్దపు సంపన్నుల హాల్లో తేలతాం. ఇల్లు మారినకొద్దీ ద్రాక్ష డబ్బు గోడలెక్కడం కనిపిస్తుంది.

అందుకే ఒక్క రోజైతే స్టెలెన్‌బాష్ అంటాను. కారు ఉండి, సాయంత్రం మిగిలితే హెల్స్‌హోగ్టె కనుమ మీదుగా ఫ్రాన్స్‌హూక్ వెళ్లండి. దారిలో ప్నీల్ వస్తుంది. విముక్తులైన బానిసల కోసం 1843లో వెలసిన చిన్న ఊరు. ఓ గంట అక్కడ ఆగండి.